తప్పు నీ కడుపుది కాదు

బొమ్మనహళ్ళి,
మంగళవారం.

చిరంజీవి శ్రీజకు నాన్న దీవెనలు.

ఇక్కడ అవ్వ, అమ్మ, నేను ముగ్గురమూ బాగానే ఉన్నాం. నువ్వు కూడా అక్కడ బాగున్నావని తలుస్తున్నానని రాయాలి. కానీ నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు. నువ్వు బాగాలేవు. ఆ సంగతి నువ్వే రాశావు. అదీ రెండు పేజీల నిండా ఫిజిక్సు మార్కులూ రూములో పిల్లల కబుర్లూ అయ్యాక, చివర్లో నాలుగు వరుసల్లో, ఏదో తప్పు చేసి ఒప్పుకుంటున్నదానిలా.

మొన్న ఆదివారం అమ్మ నీతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోను తీసుకోలేదు. "నాన్న నా మీద కోపంగా ఉన్నాడా?" అని అడిగావట. కోపంగానే ఉన్నాను తల్లీ, నీ మీద మాత్రం కాదు. అది వార్డెన్ మేడం ఫోను, మనకు ఇచ్చేది ఐదు నిమిషాలు, నీ వెనక వరుసలో పదిమంది పిల్లలు. నేను చెప్పాల్సింది అట్లా చెప్పే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. కుర్చీలో కూర్చుని తినమంటే వినదు. కుర్చీలో కూర్చుంటే అన్నం కడుపులోకి దిగదట. కింద కూర్చుని తిని, లేవడానికి మా ఇద్దరినీ పిలుస్తుంది. గార్మెంటులో అమ్మను కాలర్లు కుట్టే లైను నుంచి గుండీల దగ్గరికి మార్చారు, మెడ నొప్పి కొంచెం తగ్గింది. నువ్వు అడిగిన గైడు కొన్నాను, ఆదివారం తెస్తాను. అవును, ఆదివారం వస్తున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక నీ కడుపు సంగతి. నువ్వు రాసిన మాటలే మళ్ళీ రాస్తున్నాను. "మధ్యాహ్నం తిన్నాక కడుపు డోలులా ఉబ్బిపోతోంది నాన్నా. సాయంత్రం స్టడీ అవర్లో కూర్చోలేకపోతున్నాను. పుల్లటి తేపులు. వార్డెన్ మేడం రోజూ పొద్దున్నే ఒక మాత్ర ఇస్తోంది. అందరూ తింటున్నారు, నాకే అరగడం లేదు. నా కడుపే సుకుమారమేమో. పది రోజులుగా రాత్రి భోజనం మానేశాను, ఇప్పుడు కొంచెం నయం."

పది రోజులు! పదహారేళ్ళ పిల్ల, తెల్లవారి ఐదింటికి లేచి పుస్తకం పట్టుకోవాల్సిన పిల్ల, రాత్రి అన్నం మానేస్తే నయంగా ఉందట! అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు చెప్పిస్తామని బిడ్డను తీసుకుని, ఆకలి చంపుకోవడం నేర్పిస్తున్నారా వీళ్ళు? ఏం జబ్బో చూడకుండా, డాక్టరుకు చూపించకుండా, ప్రసాదం పంచినట్టు రోజూ ఒక మాత్రా? ఆ మాత్ర వరుసలో నీతో పాటు ఇంకా ఎంతమంది నిలబడుతున్నారో ఎప్పుడైనా చూశావా? పదిమందో ఇరవైమందో ఉంటారు. ఒక్కొక్కరూ తన కడుపే సుకుమారమని అనుకుంటూ ఉంటారు.

నీ ఉత్తరం పోయిన వారం సోమవారం అందింది. మర్నాడు మంగళవారం పొద్దున్నే మీ కాలేజీకి ఫోను చేశాను. ఎవరో మేనేజరుగారట. నేను చెప్పిందంతా విని నవ్వాడు.

"నాలుగొందల మంది పిల్లలు తింటున్నారు సార్. మీ అమ్మాయి ఒక్కదానికే ప్రాబ్లమ్ అంటే తప్పు ఫుడ్డుదా, కడుపుదా? మీరే చెప్పండి. ఇంట్లో గారాబం ఎక్కువైతే ఇట్లాగే ఉంటుంది," అన్నాడు.

"మీరు ఆ మెస్సులో తింటారా సార్?" అని అడిగాను.

"నాకు ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది," అని పెట్టేశాడు.

శ్రీజమ్మా, మీ పప్పు గురించి నువ్వు రాసిన రెండు ముక్కలు చాలు నాకు. పైకి జిగురుగా జారిపోతుంది, పంటి కింద మాత్రం పలుకు తగులుతుంది, నాలుక మీద సబ్బునీళ్ళ రుచి. శనగల తొక్క ఊడి వస్తుంది గానీ లోపల పచ్చిపిండి. సాంబారు తాగితే పళ్ళు పులుస్తాయి. మజ్జిగ తెల్లగా ఉంటుంది, పెరుగు వాసన మాత్రం రాదు. మీ వంటింట్లో ఏం జరుగుతోందో నేను ఇక్కడి నుంచే చూడగలను. నానబెట్టని గింజల్ని మరిగే నీళ్ళలో పోసి గుప్పెడు సోడా ఉప్పు వేస్తారు. అరగంటలో పైన మెత్తబడుతుంది, లోపల ఉడకదు. చింతపండు పిసికే ఓపిక లేక నిమ్మ ఉప్పు కలుపుతారు. మజ్జిగలోకీ అదే. నిన్నటి సాంబారు మిగిలితే ఈ రోజు గిన్నె అడుగున పోసి, పైన కొత్తది పోస్తారు. ఇదంతా తిన్న కడుపు ఉబ్బకపోతే ఆశ్చర్యపోవాలి.

మీ అవ్వ హనుమక్క పత్తికొండ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళివంటలకు పెద్ద దిక్కుగా ఉండేదని నీకు తెలుసు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో శనగలు నానబెట్టే పని నాకు అప్పగించింది. నేను ముందురోజు సాయంత్రం మరిచిపోయి, తెల్లవారి లేచి హడావిడిగా నీళ్ళు పోశాను. పొయ్యి ముట్టించే ముందు అవ్వ వచ్చి ఒక శనగ తీసి కొరికింది. రెండు ముక్కలు చేసి నాకు చూపించింది. నడుమ తెల్లగా, గట్టిగా చుక్క. శనగల గంగాళం పక్కకు లాగించి, వంకాయలు కోయమంది. పెళ్ళికూతురి తండ్రి ఊగిపోతూ వచ్చాడు, శనగల కూర లేకపోతే పరువు పోతుందని.

"ఏం పెద్దాయనా," అంది అవ్వ, గరిటె దించకుండానే. "నీ బిడ్డ పెండ్లికి వచ్చినోళ్ళంతా ఇండ్లకు పొయ్యి కడుపు పట్టుకొని పండుకోవాల్నా? గింజ నానల్యా. నానని గింజ నా పొయ్యెక్కదు. వంకాయ తిని పో."

నానబెట్టిన నీళ్ళు పారబోయాలి, అందులోనే సగం గాలి పోతుంది అనేది. ఉలవలకు జీలకర్ర, పప్పుకు ఇంగువ, బజ్జీకి వాము, చివర్లో పలచని మజ్జిగలో అల్లం. నేను ఏది మరిచినా గరిటె కాడతో మోచేతి మీద ఒకటి తగిలేది. అవ్వ అలవాట్లన్నీ మంచివని నేను అనను. వారానికి రెండు ఒక్కపొద్దులుండి, పెళ్ళిళ్ళలో అందరూ తిన్నాక సాయంత్రం నాలుగింటికి మిరపకాయ కారంతో ఇంత ముద్ద తిని, తన కడుపులో పుండు తెచ్చుకుంది. అది కూడా పద్ధతేనని అనుకునేవాళ్ళు అప్పట్లో. కానీ ఇంకొకరి కడుపుకు వండేటప్పుడు మాత్రం ఆమె ఒక్కనాడూ అడ్డదారి తొక్కలేదు.

ఇప్పుడు మా క్యాంటీను సంగతి చెప్పాలి. బొమ్మసంద్రలో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ, దాని క్యాంటీను నడిపేది ఒక కాంట్రాక్టరు, నేను అతని దగ్గర వంటవాణ్ణి. ఇంతవరకూ నీకు తెలుసు. రెండు నెలల కిందట ఫ్యాక్టరీవాళ్ళు బుధవారం బుధవారం "మన పెద్దల భోజనం" అని మొదలుపెట్టారు. రాగిముద్ద, ఉలవచారు, మజ్జిగ. హాలులో పెద్ద బ్యానరు కట్టారు. దాని మీద నా ఫొటో, తలకు తువ్వాలు చుట్టి, చేతిలో గరిటెతో. మీ అమ్మ ఆ ఫొటో చూసి మురిసిపోయింది. మొదలుపెట్టిన రోజు పిలిపించిన డాక్టరమ్మ మైకులో చాలా మంచి మాటలే చెప్పింది. నేల మీద కూర్చుని తినాలి, మాట్లాడకుండా బాగా నమలాలి, ఆకలైనప్పుడే తినాలి, మన పెద్దలు ఇవన్నీ తెలిసి పెట్టిన అలవాట్లు, అరుగుదల నోట్లోనే మొదలవుతుంది అని.

అప్పుడు మహబూబ్ బాషా లేచాడు. మన ఆదోని వైపు మనిషి, ప్రెస్సు మిషను మీద పనిచేస్తాడు. పేరు నీకు చాలాసార్లు చెప్పాను.

"మేడమ్, మాకు భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు క్యూలోనే అయిపోతాది. ఇంక నమిలేదెప్పుడు?"

హాలంతా గొల్లున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది పాపం, ఆమెకేం తెలుసు. ఫ్యాక్టరీ ఆఫీసరు మైకు లాక్కుని టైమైపోయిందన్నాడు. పెద్దల అలవాట్లు బ్యానరు మీద కావాలి వీళ్ళకు. పెద్దలు తిన్నంత సేపు మాత్రం ఇవ్వరు.

బాషాకు ఆర్నెల్లుగా కడుపు బాగాలేదు. జేబులో ఎప్పుడూ గ్యాసు మాత్రల స్ట్రిప్పు ఉండేది. పోయిన నెల మిషను మీదే గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సులో తీసుకుపోయారు. గుండెకేం కాలేదు, గ్యాసు పైకి తన్నింది అన్నారట. అతని భార్య ఆ రెండు గంటలు ఆస్పత్రి వరండాలో ఎట్లా గడిపిందో ఆమెకే తెలియాలి. నాలుగు రోజుల తర్వాత పనికొచ్చి, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాకొక్కనికి వట్టి అన్నం, మజ్జిగ తీసిపెడతావా? నీ వంటకు వంక పెడతాండానని అనుకోవద్దు. అందరూ తింటానే ఉండారు. నా కడుపే పాడైపోయుండాది."

నేను తల ఊపాను. అంతకంటే ఏం చేయలేదు.

శ్రీజా, ఇక్కడిదాకా నేను రాసిందంతా ఇతరుల మీద కోపం. ఇప్పుడు రాయబోయేది చదివి నువ్వు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నువ్వే నిర్ణయించుకో.

మా క్యాంటీనులో గింజల్లో సోడా వేసింది నేనే. ఒకరోజు కాదు, రెండేళ్ళు.

రెండేళ్ళ కిందట ఉగాది దాటాక, మొదటి షిఫ్టు భోజనం గంట ముందుకు జరిపారు. కాంట్రాక్టరు తరఫున మా మీద పెత్తనం చేసే వెంకటరాయప్ప అని ఒకడున్నాడు. అతను సోడా ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా ఓబులేసా, ఇదేమన్నా పెండ్లిల్లా? పన్నెండు గంటలు నానబెట్టేకి ఈడ జాగా యాడుండాది? ఒక గుప్పెడు సోడా ఎయ్యి, అర్ధగంటలో అయిపోతాది. ఎవురూ సచ్చిపోరు."

నేను వేశాను. మొదటి రోజు పాపం అంటుకున్నట్టు చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. వారం తిరిగేసరికి కడుక్కోవడం మానేశాను. నెల తిరిగేసరికి వెంకటరాయప్ప చెప్పకుండానే చింతపండు మానేసి నిమ్మ ఉప్పు పట్టాను. ఈ బుధవారం భోజనాలు మొదలయ్యాక రాగిముద్దలో సగానికి సగం మైదా కలపమన్నాడు, కలిపాను. నీ చదువు కోసం ఉద్యోగం నిలబెట్టుకుంటున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. అదీ అబద్ధమే. నిన్ను అడ్డం పెట్టుకున్నాను. నిజమేమిటంటే అట్లా వండడం సులువు. పది గంటలకల్లా వంట అయిపోయేది, గోడకు ఆనుకుని టీ తాగేవాణ్ణి. మాతో పనిచేసే సుంకమ్మ ఒకసారి, "నాకు కూరగాయలు కోసే పని చెప్పు, గిన్నెలు తోమే పని చెప్పు, ఆ పొడి మాత్రం నా చేత ముట్టించొద్దన్నా," అంది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు.

మీ మేనేజరు నాతో అన్న మాట ఉందే, అందరూ తింటున్నారు, నీకొక్కరికేనా అని. ఫోను పెట్టేసి నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆ మాట నేను అంతకుముందే విన్నాను. నా నోటి నుంచే. ఆర్నెల్ల కిందట బాషా మొదటిసారి కడుపు ఉబ్బరమని చెప్పినప్పుడు నేను అదే అన్నాను. "అందరూ తింటాండారు గదప్పా బాషా, నీకొక్కనికేనా?" అని, నవ్వుతూ. అతను నమ్మాడు. ఆ రోజు నుంచి తన కడుపునే తిట్టుకున్నాడు. మాత్రలు మింగాడు. ఇప్పుడు నా బిడ్డ, ఎవరో నాలాంటివాడు వండిన తిండి తిని, తన కడుపును తిట్టుకుంటోంది.

నీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. "నువ్వు వండిపెట్టేవాళ్ళు అదృష్టవంతులు నాన్నా." అది నేను అమ్మకు చదివి వినిపించలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం సుంకమ్మను పిలిచాను. "రేపటి ఉలవలు నానబెడదాం, డ్రములు కడుగు," అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, పోయి కడిగింది. రెండు డ్రముల నిండా నానబెట్టాం. బుధవారం తెల్లవారి పోయి చూస్తే గింజలు ఉబ్బి, మొలక కన్ను తెరిచి ఉన్నాయి. కొరికి చూశాను. నడుమ చుక్క లేదు. రెండేళ్ళ తర్వాత నాకు వంట చేయాలనిపించింది.

వెంకటరాయప్ప ఏడింటికి వచ్చాడు. అవి మంచినీళ్ళ డ్రములట, ఎవరినడిగి ముట్టుకున్నావన్నాడు. నేను చెప్పేలోపే కాలితో ఒక డ్రము తోసేశాడు. రెండోది ఇద్దరు మనుషుల చేత ఒంపించాడు. ఉలవలన్నీ కాలువలోకి పోయాయి. సుంకమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది గానీ ఎన్ని ఆగుతాయి?

"మూట విప్పి కొత్తవి పొయ్యి. సోడా అక్కడే ఉండాది," అన్నాడు.

"నేను వెయ్యను సార్."

"ఇన్ని దినాలూ ఏసినోనివి, ఈ పొద్దు ఏం పుణ్యాత్మునివి అయిపోతివా?"

పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగాను. ఇంకొకరి చేత వేయించాడు. పదకొండున్నరకు గంట కొట్టారు. బ్యానరు కింద, నా ఫొటో కింద, ఆ ఉలవచారే వడ్డించారు. నేను వంటింట్లోంచి హాలులోకి నడిచాను. బల్ల ఎక్కి నిలబడితే నాటకంలా ఉంటుందని, నేల మీదే నిలబడి అరిచాను.

"అందరూ ఒక్క నిమిషం చేతులు ఆపండప్పా. ఈ చారులో సోడా ఉండాది. గింజ ఉడకల్యా. ఈ పొద్దొక్కటే కాదు, రెండేండ్లుగా ఇంతే. ఏసింది నేనే. మీరు మింగే గ్యాసు మాత్రలు మీ కడుపులు బాగలేక కాదు, నా వంట బాగలేక."

ఎక్కడో ఒక గ్లాసు దొర్లింది. వెనక బల్ల నుంచి ఒక కుర్రవాడు లేచి అరిచాడు. "రెండేండ్లు నువ్వేం తింటాంటివిరా?"

అబద్ధం చెప్పవచ్చు. చెప్పలేకపోయాను. "ఇంటి డబ్బా," అన్నాను.

అవును శ్రీజా. రెండేళ్ళు అమ్మ కట్టిన డబ్బానే తిన్నాను. అవ్వ నానబెట్టిన ఉలవలు, ఇంగువ వేసిన పప్పు. నేను వండింది ఒక్క ముద్ద కూడా నేను నోట్లో పెట్టుకోలేదు. మీ మేనేజరు క్యారియరుకూ నా డబ్బాకూ తేడా ఏమన్నా ఉంటే నువ్వే చెప్పు.

ఎవరో రాగిముద్ద విసిరారు, నా ఛాతీకి తగిలింది. తిట్లు మొదలయ్యాయి. నీకు రాయదగ్గవి కావు, నేను పడదగ్గవే. బాషా మాత్రం లేచి నిలబడ్డాడు. పళ్ళెం తీసుకుపోయి తొట్లో ఒంపాడు, చేతులు కడుక్కున్నాడు, నా పక్కనుంచే నడిచి బయటికి వెళ్ళిపోయాడు. విసిరిన ముద్ద కంటే అది గట్టిగా తగిలింది.

ఆ రోజు ఎవరూ తినలేదు. రెండో షిఫ్టువాళ్ళు కూడా పళ్ళేలు ముట్టలేదు. నా గేటు కార్డు తీసుకుని నన్ను పంపించేశారు. మూడు రోజులు అట్లా గడిచాక ఫ్యాక్టరీవాళ్ళు దిగివచ్చారు. భోజనం టైము ముప్పైఐదు నిమిషాలు చేశారు. రోజూ పొద్దున ఇద్దరు పనివాళ్ళు వంటింట్లోకి వచ్చి చూసుకోవచ్చన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు బాషా. సుంకమ్మ చెప్పింది, అతను రోజూ వచ్చి గింజ కొరికి చూస్తున్నాడట. వెంకటరాయప్పను ఇంకో ఫ్యాక్టరీ క్యాంటీనుకు మార్చారట. అక్కడా అదే చేస్తాడు, చేయించడానికి నాలాంటివాడు ఒకడు దొరుకుతాడు. అది తలుచుకుంటే నాకు కోపం ఆగడం లేదు. బాషా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడమని నేను అడగను.

అవ్వకు చెప్పాను. ముందు అవ్వకే చెప్పాను. "ఆ పొద్దు శనగల గంగాళం పక్కకు లాగినప్పుడు నిన్ను రెండు కొట్టాల్సుండె. కొట్టకపోతిని," అంది. అంతే. నిన్నటి నుంచి నేను ఇక్కడే, అమ్మ పనిచేసే వీధిలో, గార్మెంటు ఆడవాళ్ళు తినే చిన్న మెస్సులో చేరాను. జీతం తక్కువే. నీ చదువు ఆగదు, ఆ దిగులు పెట్టుకోకు. అది నేనూ అమ్మా చూసుకుంటాం.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. రాత్రి అన్నం మానొద్దు. పప్పు, శనగలు పక్కన పెట్టు, అన్నంలో పెరుగు కలుపుకుని మెల్లగా తిను. స్టడీ అవరుకు గంట కొట్టినా సరే, నమలడం అయ్యాకే లే. ఆదివారం నిన్ను కర్నూలులో డాక్టరుకు చూపిస్తాను. ఆ మాత్ర నీకు అవసరమో కాదో ఆయన చెప్పాలి, మీ వార్డెన్ కాదు. ఒక్కటి గట్టిగా పెట్టుకో మనసులో, తప్పు నీ కడుపుది కాదు. ఈ మాట నీకు ప్రేమకొద్దీ చెప్పడం లేదు. వందల కడుపులు పాడుచేసినవాడిగా, తెలిసి చెబుతున్నాను.

"నాన్నా, ఇక్కడికి వచ్చి గొడవ మాత్రం చేయొద్దు, అందరూ నన్నే చూస్తారు" అని రాశావు. ఆ ఒక్కమాట నేను వినలేను. ఆదివారం తల్లిదండ్రుల మీటింగులో ఆ మేనేజరు ర్యాంకుల గురించి మాట్లాడి, చివర్లో ఎవరికైనా సందేహాలుంటే అడగమంటాడు. అప్పుడు నేను లేస్తాను. అరవను. నేను ఫ్యాక్టరీ క్యాంటీనులో వంటవాడిగా పనిచేశానని, ఇదే పని రెండేళ్ళు నా చేతులతో చేశానని, అందుకే మీ వంటింట్లో ఏం జరుగుతోందో నాకు తెలుసని చెబుతాను. రోజూ మాత్ర మింగే పిల్లలు ఎవరెవరో చేతులెత్తమంటాను. మీ వంటమనిషిని తిట్టను. ఆమెకో అతనికో సోడా ప్యాకెట్టు తెచ్చిచ్చింది ఎవరని మాత్రం మైకులో అడుగుతాను.

నీ స్నేహితురాళ్ళ అమ్మానాన్నలంతా అక్కడ ఉంటారు. మీ నాన్న ఇట్లాంటి పని చేశాడటే అని నిన్ను అడుగుతారు. నీకు తలవంపుగా ఉంటుంది. ఆ మాట నువ్వు అంతమంది నడుమ కూర్చుని మొదటిసారి వినకూడదని ఈ ఉత్తరం రాశాను. నీ ఒప్పుకోలు అడగడం లేదు తల్లీ, ముందే చెబుతున్నాను. నా పక్కన నిలబడమని కూడా అడగను. వెనక వరుసలో కూర్చో, ముఖం తిప్పుకో, నీ ఇష్టం.

మీటింగు అయ్యాక మాత్రం నన్ను మీ మెస్సుకు తీసుకుపో. ఆ పూట అక్కడ ఏముంటే అది, నీ పళ్ళెంలో పెట్టిందే నాకూ పెట్టించు. నీ పక్కనే కూర్చుని మొత్తం తింటాను.

ఇట్లు,
నీ కడుపు బాగుపడాలని కోరే
మీ నాన్న,
ఓబులేసు.